కరువు ఏడాది నీటిమట్టాలకు తేదీలు రాయండి: కృష్ణా బోర్డుకు ఒక ఆయకట్టుదారు లేఖ

కృష్ణా నది యాజమాన్య బోర్డు ఛైర్మన్ గారికి, నీటి విడుదలలు తేల్చే త్రిసభ్య కమిటీలో కూర్చునే రెండు రాష్ట్రాల ఇంజినీర్ ఇన్ చీఫ్‌లకు,

నమస్కారం.

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో ఇరవై ఏడేళ్లు గుమాస్తాగా లెక్కలు రాశాను. సాగర్ ఎడమ కాలువ మీద, ఒక మేజర్ (పెద్ద పిల్లకాలువ) చిట్టచివర మూడున్నర ఎకరాలు సాగు చేస్తున్నాను. ఇంజినీరింగ్ చదవలేదు. అయినా శ్రీశైలం, సాగర్ మట్టాలు రోజూ నోటుబుక్కులో రాసుకునే అలవాటు మిల్లులో పట్టుకుంది, మానలేదు. మా యజమాని పొద్దున పత్రిక తెరవగానే ధాన్యం ధర కంటే ముందు జలాశయాల పట్టిక చూసేవారు. ఆగస్టు నెలాఖరుకు సాగర్‌కు చెప్పుకోదగ్గ వరద రాకపోతే గోనె సంచుల బేరం ఆపమనేవారు, హమాలీ ముఠాలకు ఇచ్చే బయానా తగ్గించమనేవారు. చేను బీటలు వారకముందే కరువు మా చిట్టా పుస్తకంలో కనిపించేది.

ఈ లేఖ వాటాల గురించి కాదు. ఉమ్మడి రాష్ట్రానికి దక్కిన 811 టీఎంసీల్లో (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ఎవరికి ఎంత అన్నది ట్రిబ్యునళ్లు తేల్చాలి. 2015లో తాత్కాలికమని రాసుకున్న ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అంకెల మీద వాదించడానికి రెండు రాష్ట్రాల్లోనూ నాకంటే గొంతు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేను అడిగేది చాలా చిన్నది. కరువు ఏడాదిలో రెండు జలాశయాల మట్టాన్ని ఏ తేదీకి ఎంత దగ్గర ఉంచబోతున్నారో, ఆ లెక్కన ఏ కాలువకు ఎన్ని తడులు వస్తాయో రైతు నారు పోయకముందే ప్రకటించండి. ప్రకటించాక దానికి కట్టుబడండి.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఒక రబీ గురించి చెప్పాలి. ఆ ఏడాది సాగర్ నిండలేదు. కాలువకు నీరు వస్తుందని ఒకసారి, రాదని ఒకసారి విన్నాం. చివరికి జనవరిలో వదిలారు. ఎన్ని తడులో ఎవరూ చెప్పలేదు. నీరు కళ్లముందు పారుతుంటే రైతు చేతులు ముడుచుకుని కూర్చోడు. దమ్ము చేసి నాట్లు వేశాం. పంట పొట్ట దశలో ఉండగా కాలువ ఆగిపోయింది. తూము దగ్గరికి పరుగెత్తితే లస్కర్ పాపం తల దించుకుని, "నాకేమి తెలుసు బాబాయ్, పైనుంచి ఫోను వచ్చింది, షట్టర్ దించాను" అన్నాడు. ఆ ఫోను ఎవరు చేశారో ఇప్పుడు తవ్వదలచుకోలేదు. మా పక్క చేను కౌలుకు చేసుకుంటున్న ఆమె కౌలు డబ్బు ముందే కట్టింది, ఎరువు అరువు తెచ్చింది. మార్చిలో ఆ చేలోకి గేదెలను తోలింది. నా చేను కోశాను గానీ మిల్లు కాటా మీద దిగింది సగం తాలు. ఆ కాటా చిట్టీ నా చేత్తోనే రాసుకున్నాను.

నాకు అప్పుడు కోపం వచ్చింది నీరు చాలలేదని కాదు. లేని నీరు ఎవరు మాత్రం ఇస్తారు? పొట్ట దశ వరకు ఆ పంటకు పోసిన నీరంతా వృథా అయింది, దానికి వచ్చింది కోపం. వరికి చివరి రెండు తడులు ఇవ్వలేమని ముందే తెలిస్తే మొదటి ఐదు తడులూ ఇవ్వకూడదు. ఆ నీటిని జలాశయంలో ఉంచుకుంటే వేసవిలో తాగునీటికైనా పనికొచ్చేది. ఇంజినీర్ల మోటు లెక్క మీకు తెలిసిందే: ఒక టీఎంసీతో వరి అయితే ఆరు వేల ఎకరాలు, ఆరుతడి పంట అయితే పది వేల ఎకరాలు పండుతాయి. ఎండిన వరి కింద పోయిన టీఎంసీకి ఈ రెండు అంకెల్లో ఏదీ వర్తించదు.

రైతుకు కరువులో కూడా దారులు ఉంటాయి. సాంబ మసూరి వేస్తే నూట నలభై అయిదు, నూట యాభై రోజులు నీరు కావాలి. వెయ్యి పది అనే వరి రకం నూట ఇరవై రోజుల్లో చేతికొస్తుంది. పెసర డెబ్బై రోజుల్లో అయిపోతుంది. మూడు తడులే వస్తాయని తెలిస్తే మినుమో పెసరో వేస్తాం, అసలు రావని తెలిస్తే గొర్రెల మంద కట్టించి పొలాన్ని పడావు ఉంచి, కూలికి వేరే చోటికి పోతాం. ఏ రకం విత్తనం కొనాలన్నది మీ ప్రకటన తేదీ నిర్ణయిస్తుంది. డిసెంబరు చివర చెప్పే మాట ఎంత మంచిదైనా, అప్పటికి విత్తనం కొనేసి ఉంటాం.

రుతుపవనాలు మా చేతిలో లేవు కదా, ముందే ఎలా మాట ఇస్తామని మీరు అనవచ్చు. ఖరీఫ్ విషయంలో అది కొంత నిజమే. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల దాటి నీరు శ్రీశైలం చేరాలి, అది నిండాక సాగర్‌కు రావాలి. ఎగువన నిండని ఏడాది దిగువన ఉన్నవాళ్లం ఆకాశం చూస్తూ కూర్చోవాల్సిందే. 2023లో ఆగస్టు నెల 1901 నుంచి దేశంలో ఎన్నడూ లేనంత పొడిగా గడిచింది, అంత తీవ్రంగా ఉంటుందని ఎవరూ ముందు చెప్పలేకపోయారు. కానీ రబీ సంగతి వేరు. అక్టోబరు సగం దాటాక కృష్ణకు పెద్ద వరద రావడం అరుదు. 2009 అక్టోబరు లాంటిది ఎప్పుడో వస్తుంది, దాని మీద పంట వేయలేం. అంటే అక్టోబరు 15న రెండు జలాశయాల్లో ఉన్న నీరే, అటూ ఇటుగా, వచ్చే జూన్ వరకు ఉన్న ఆస్తి. ఆ రోజున తెలిసిన లెక్కను డిసెంబరు దాకా మడిచి పెట్టుకోవడానికి వాన కారణం కాదు. తక్కువ అంచనా వేసి ఆ మేరకే హామీ ఇవ్వండి. తర్వాత వాన పడితే ఒక తడి అదనంగా ఇవ్వండి. చెప్పినదానికంటే ఎక్కువ ఇచ్చారని ఏ ఆయకట్టులోనూ ధర్నా జరగదు.

ఇక్కడ అడుగుల గురించి ఒక మాట. బోర్డు సమావేశాల వార్తల్లో అంతా అడుగులే. శ్రీశైలం నిండు మట్టం 885, కనీస మట్టంగా చెప్పే 854, 834. సాగర్ నిండు మట్టం 590, కనీస మట్టం 510. జనం కూడా వాటినే బట్టీ పట్టారు. కానీ అడుగు మోసం చేస్తుంది. శ్రీశైలం కట్టినప్పుడు 885 అడుగుల దగ్గర 308 టీఎంసీలు నిలిచేవి. పూడిక చేరి ఇప్పుడు అదే 885 దగ్గర 215.81 టీఎంసీలే. సాగర్ 408తో మొదలై 312కు వచ్చింది. నిండినప్పుడు సాగర్‌లో పై అడుగు తీస్తే మూడు టీఎంసీల దాకా వస్తాయి, 510 దగ్గర ఒక అడుగు తీస్తే రెండు కూడా రావు. మట్టం రోజుకు అడుగు చొప్పున తగ్గుతోందని వింటే ఆగస్టులో ఒక అర్థం, మార్చిలో మరొక అర్థం. 590 నుంచి 580కి దిగినంత నీరు 520 నుంచి 510కి దిగితే వస్తుందనుకుని నమ్మిన రైతులను నేను చూశాను, వాళ్లను తప్పు పట్టలేను. కాబట్టి మీ ప్రకటనలో అడుగుతో పాటు టీఎంసీ రాయండి, టీఎంసీతో పాటు రోజులు రాయండి. 'ఎడమ కాలువకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఇన్ని రోజులు వదిలి, ఇన్ని రోజులు ఆపి' అన్న ఒక్క వాక్యం మాకు నాలుగు పేజీల మినిట్స్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

తాగునీరు ముందు, పంట తర్వాత. దీనికి మా ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేదు. హైదరాబాద్‌కు కృష్ణా నుంచి మూడు దశల్లో ఏడాదికి 16.5 టీఎంసీలు వెళ్తాయి. తెలుగుగంగ ద్వారా చెన్నైకి ఇవ్వాల్సినవి 15 టీఎంసీలు. రెండు రాష్ట్రాల పల్లెల పథకాలు, పట్టణాలు వేరే ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి తాగునీటికి ఇన్ని టీఎంసీలు అని అక్టోబరులోనే పక్కన పెట్టి, దానికి ఎవరూ చేయి తగలకుండా తాళం వేయండి. ఆ నిల్వను మే నెలాఖరు వరకు కాదు, ఆగస్టు మొదటి వారం దాకా లెక్కగట్టండి, ఎందుకంటే కరువు ఏడాది తర్వాత వచ్చే ఏడాది కూడా ఆలస్యంగా మొదలైన సందర్భాలు చూశాం. తాగునీరు అనే మాటను మాత్రం గోడలా వాడొద్దు. ప్రతి వేసవిలోనూ తాగునీటి పేరు చెప్పి కాలువ ఆపుతారు, ఎంత పక్కన పెట్టారో చెప్పరు. సాగర్ 510 కిందికి దిగితే పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు పెట్టి నగరానికి తోడతారు. ఆ 510 కింద ఇంకా 131 టీఎంసీలు ఉంటాయని కూడా చెప్పండి. అందులో పంపులతో ఎంత తోడవచ్చు, అందుకు ఖర్చెంత అన్నది జనం ముందు పెట్టండి. దాచిన అంకె మీద పుకారు పెరుగుతుంది.

ఇప్పుడు చేదు విషయం. నేను ఎడమ కాలువ రైతును కాబట్టి శ్రీశైలం నీరు త్వరగా సాగర్‌లోకి దిగితే నాకు లాభం. శ్రీశైలం నుంచి నీరు తీసుకునే పోతిరెడ్డిపాడు మీద ఆధారపడ్డ రాయలసీమ రైతుకు శ్రీశైలం 854కు పైన నిలిస్తేనే కాలువకు నీరు సరిగా అందుతుంది. 1996లో జీవో 69తో కనీస మట్టాన్ని 834కు దించారు, 2004లో జీవో 107తో మళ్లీ 854కు పెంచారు. ఆ ఇరవై అడుగుల పైకీ కిందికీ ఉన్నవి జిల్లాలు, మనుషులు. నాకు నచ్చని ఒక నిజం కూడా ఒప్పుకోవాలి: కర్నూలు, నంద్యాల వైపు వాన మా కంటే తక్కువ. వాళ్లను ఎండబెట్టి నా వరి పచ్చగా ఉండాలని అడగలేను. అయితే దీనికి ఇంకో వైపు ఉంది, ఆవిరి. శ్రీశైలం వెడల్పుగా పరుచుకున్న జలాశయం. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన కేటాయింపులో ఒక్క శ్రీశైలం ఆవిరి నష్టానికే 33 టీఎంసీలు లెక్కగట్టింది, సాగర్‌కు 17. ఆ 33 హైదరాబాద్‌కు రెండేళ్ల కృష్ణా నీరు. మండు వేసవిలో శ్రీశైలంలో నీటిని అనవసరంగా పైన నిలిపితే అది సీమకూ రాదు, మాకూ రాదు, ఎండకు పోతుంది. సీమ వాటా ఎంతో ఆ నీటిని శీతాకాలంలోనే అక్కడి జలాశయాలకు తరలించి, మిగిలింది వేసవి ముదరకముందే సాగర్‌కు దించడం రెండు వైపులా మేలని నాకు అనిపిస్తుంది. ఇందులో నా స్వార్థం కలిసి ఉంటే మీ హైడ్రాలజీ వాళ్లు లెక్క వేసి కాదని చెప్పండి. చెప్పడం మాత్రం బయట చెప్పండి.

కరెంటు గురించి పెద్దగా చెప్పను. శ్రీశైలం కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్లు ఉన్నాయి. టర్బైన్ తిప్పిన నీరు సాగర్‌కే వస్తుంది గనక అది నష్టం కాదు, ఏ రోజున తిప్పారన్నదే ప్రశ్న. సాగర్ దగ్గర కూడా, కింద అవసరం లేని రోజున తిప్పితే పులిచింతల దాటి, ప్రకాశం బ్యారేజీ గేట్ల మీదుగా సముద్రం పాలవుతుంది. 2021 జులైలో ఈ గొడవతోనే ప్రాజెక్టుల దగ్గర రెండు రాష్ట్రాల పోలీసులు మోహరించారు. 2023 నవంబరు 30 తెల్లవారుజామున సాగర్ డ్యామ్ మీద మళ్లీ అదే దృశ్యం, ఆ తర్వాత కేంద్ర బలగాలు వచ్చాయి. ఆ ఏడాది జలాశయాలు అడుగంటుతున్నాయి. నీరు తక్కువైన ఏడాదే తుపాకులు కనిపిస్తాయి. ఎవరికి ఎప్పుడు ఎంత అన్నది ముందే కాగితం మీద ఉంటే ఆ తెల్లవారుజామున డ్యామ్ మీద లైట్ల స్తంభాలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

పంట ఒక్కటే అయితే ఈ లేఖ ఇంకా పొట్టిగా ఉండేది. నీటిమట్టం మీద బతికేవాళ్లలో చాలామందికి సెంటు భూమి లేదు. జలాశయంలో వల వేసేవాళ్లను చూడండి. మట్టం తగ్గేకొద్దీ మొదట్లో చేప సులువుగా పడుతుంది, సంతలో ధర పడిపోతుంది. తర్వాత చేపే ఉండదు. వానాకాలంలో వదిలిన చేప పిల్లలు ఎదగకముందే కుంచించుకుపోయిన నీటిలో చిక్కి, అరచేతి సైజులోనే వలల పాలవుతాయి. ఈ ఏడాది మట్టం ఎక్కడిదాకా దిగుతుందో ముందే తెలిస్తే పిల్లలను ఎంత వదలాలి, ఎక్కడ వదలాలి అన్నది మత్స్యశాఖ వాళ్లు తేల్చుకుంటారు. నాగార్జునకొండకు వెళ్లే లాంచీల సిబ్బంది, రేవు దగ్గర తినుబండారాలు అమ్ముకునేవాళ్లు కూడా ఇదే పట్టికకు ఎదురు చూస్తారు. శ్రీశైలం వెనుక జలాల్లో మట్టం దిగుతుంటే తేలే భూముల్లో విత్తనాలు చల్లుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరు ఆ ప్రాజెక్టు కిందే ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాల వాళ్లు. నీరు ఎప్పుడు మళ్లీ ఎక్కుతుందో చెప్పకపోతే వాళ్ల పంటను ఒక్క రాత్రిలో ముంచుతారు. అక్కడే, ఏడాదిలో ఎక్కువ కాలం నీటి కింద ఉండే సంగమేశ్వర ఆలయం బయటపడితే పూజలు మొదలవుతాయి, జనం వస్తారు, పడవలకు గిరాకీ ఉంటుంది. కరువు కొందరికి పని తెస్తుందంటే వింతగా ఉంటుంది గానీ, అదీ మట్టంతో ముడిపడ్డ బతుకే.

మిర్యాలగూడ సంగతి చెప్పకుండా ఉండలేను. బియ్యం మిల్లు ఆగితే ధాన్యం ఒక్కటే ఆగదు. బాయిలర్‌కు ఊక కావాలి, మిగిలిన ఊక ఇటుక బట్టీలకు పోవాలి, తవుడు నూనె మిల్లులకు పోవాలి. లారీ డ్రైవరు, కాటా దగ్గర చీటీ రాసేవాడు, బస్తాలు కుట్టేవాళ్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన హమాలీలు, వాళ్లకు అన్నం వండిపెట్టే మెస్సులు. ఈ గొలుసంతా కాలువ తేదీల మీద నడుస్తుంది. కాలువ రాదని అక్టోబరులో తెలిస్తే మిల్లు యజమాని బ్యాంకు నుంచి తీసుకునే అప్పు తగ్గించుకుంటాడు, హమాలీ ముఠా సంక్రాంతికి ఇంటికెళ్లి అక్కడే పని వెతుక్కుంటుంది. ఫిబ్రవరిలో తెలిస్తే యజమాని వడ్డీ కడతాడు, ముఠా బయానా తీర్చలేక మిల్లు షెడ్డులోనే ఉండిపోతుంది. అలా ఉండిపోయినవాళ్లకు ఖాళీ రోజుల కూలి ఏ ఖాతాలో రాయాలో తెలియక ఒక ఏడాది నేను 'ఇతరములు' కింద రాశాను. చాలామంది జీవితం ఆ 'ఇతరములు' కిందే ఉంటుంది.

మీ పని తేలిక కాదని తెలుసు. 2014 పునర్విభజన చట్టం మీకు బాధ్యత ఇచ్చింది, 2021 గెజిట్ పరిధిని రాసింది, కానీ తాళంచెవులు ఇప్పటికీ రాష్ట్రాల దగ్గరే ఉన్నాయి. 2022లో మీరు వేసిన జలాశయాల నిర్వహణ కమిటీ రూల్ కర్వ్‌ల (ఏ తేదీకి జలాశయంలో ఎంత నీరు ఉంచాలో చెప్పే పట్టికల) మీద కూర్చుంది, ఉభయ రాష్ట్రాలూ ఒక మాటకు రాలేదు. ప్రవాహాన్ని కొలిచి దానంతటదే కబురు పంపే టెలిమెట్రీ పరికరాలు అన్ని చోట్లా పెట్టాలన్న మాట ఏళ్లుగా వింటున్నాం. అవన్నీ పూర్తయ్యే దాకా ఆగాల్సిన పని లేదు. మామూలు ఏడాదికి రూల్ కర్వ్ మీద ఏకాభిప్రాయం రాకపోతే, కరువు ఏడాదికి మాత్రమైనా ఒకటి రాసుకోండి. అక్టోబరు 15న రెండు జలాశయాల్లో కలిపి నిల్వ ఇంతకంటే తక్కువుంటే కరువు పట్టిక అమలవుతుందని ముందే, నీరు నిండుగా ఉన్న ఏడాదిలోనే, సంతకాలు చేయించండి. జలాశయాలు నిండి గేట్లు ఎత్తిన వారంలో రెండు రాష్ట్రాలూ కాస్త ఉదారంగా ఉంటాయి. ఆ వారాన్ని వదులుకోవద్దు.

ఆ పట్టికను ఇంగ్లీషులో మీ కార్యాలయం నోటీసు బోర్డుకు అంటించి ఊరుకోవద్దు. ప్రతి మేజర్ తూము దగ్గర తెలుగులో ఒక రేకు బోర్డు పెట్టి, దాని మీద తడుల తేదీలు రాయించండి. మారిస్తే ఎందుకు మార్చారో, ఎవరి ఆదేశంతో మార్చారో దాని కిందే రాయాలి. లస్కర్‌కు వచ్చే ఫోను స్థానంలో ఆ బోర్డు ఉంటే అతడు తల దించుకోవాల్సిన పని ఉండదు. మా మేజర్‌కు రేకు, రంగు, రాసేవాడి కూలి నేను భరిస్తాను. అక్షరాలు కుదురుగా రాయడం గుమాస్తాకు చేతనైన పని కాబట్టి, రాసేవాడు దొరక్కపోతే నేనే రాస్తాను. నాకు కావాల్సింది దాని మీద రాయడానికి తేదీలు.

ఇట్లు,
ఎడమ కాలువ చివరి ఆయకట్టుదారు ఒకడు